నిలువ యందలి ధర్మము

వైశాఖమాసము వచ్చినదనగానే తెలుగునాట ఇంటింట ఒక చిన్న యజ్ఞమునకు ఏర్పాటు జరుగుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. టెంక ముదిరి, పులుపు నిండి, ఇంకను పండబారని మామిడికాయలను చెట్టునుండి దించుదురు. కడిగి, తడిలేకుండ గుడ్డతో తుడిచి, టెంకతోకూడ ముక్కలు కొట్టుదురు. ఆవపిండి, ఉప్పు, కారము, నువ్వులనూనె కలిపి జాడికెత్తుదురు. మూడవనాడు తిరుగగలిపి, ఉప్పు సరిచూచి, జాడిమూతికి వాసెన కట్టుదురు. అవ్వ కలుపుచుండగా కోడలు అందించును. మనుమరాలు ప్రక్కన కూర్చుండి చూచును. ఈ విద్యకు గ్రంథము లేదు. కొలత అవ్వ పిడికిటియందే యున్నది.

ఇట్లే ప్రతి ఋతువునకును ఒక పని కలదు. పుష్యమాసమున ధాన్యము ఇంటికి చేరగానే వరికంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకలకై చూరున వ్రేలాడగట్టుదురు. రథసప్తమినాడు పిడకలమంటపై పాలు పొంగించి, క్రొత్తబియ్యపు పరమాన్నమును చిక్కుడాకులలో సూర్యునకు నివేదింతురు. పిదప చింతపండు గింజతీసి కుండలకెత్తుట, ఎండలు ముదిరినపుడు వడియములు, అప్పడములు, ఒరుగులు ఎండబెట్టుట జరుగును. రైతు మేలైన గింజలను ఏరి, వేపాకుతో కలిపి వచ్చు సంవత్సరమునకు విత్తనముగా దాచును. ఆకలిగొన్నను విత్తనపుగింజను ముట్టరాదనునది అతని నియమము.

అయితే సాధకునకు ఇచట ఒక సందేహము కలుగవచ్చును. దాచుకొనుట అపరిగ్రహమునకు విరుద్ధము కాదా? శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన గురువులను గూర్చి చెప్పుచు తేనెటీగను పేర్కొన్నాడు. అది కూడబెట్టిన తేనెతోపాటు తానును నశించును. కావున భిక్షువు రేపటికై దాచరాదని అతడు గ్రహించెను. మనుస్మృతియు గృహస్థులను నాలుగు తెగలుగా చెప్పినది: గాదె నిండ ధాన్యము గలవాడు, కుండెడు గలవాడు, మూడుదినములకు చాలునంత గలవాడు, రేపటికి ఏమియు లేనివాడు. వీరిలో ముందువానికంటె వెనుకవాడు శ్రేష్ఠుడని దాని నిర్ణయము. మరి గాదె నింపు గృహస్థుని గతి యేమి?

సమాధానము తైత్తిరీయోపనిషత్తున లభించును. భృగువు తండ్రియైన వరుణుని ఆజ్ఞచే తపస్సు చేసి మొదట అన్నమును, పిమ్మట ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును, తుదకు ఆనందమును బ్రహ్మముగా తెలిసికొనెను. ఆనందమును చేరిన వెనుక ఉపనిషత్తు అచటనే నిలిచిపోలేదు. మరల అన్నమునొద్దకే వచ్చినది. అన్నమును నిందింపరాదు, త్రోసివేయరాదు, దానిని సమృద్ధిగా సంపాదింపవలెను, ఆశ్రయమునకై వచ్చిన వానిని కాదనరాదు అని వ్రతములు విధించినది. సమృద్ధి గావించుమనిన వెంటనే అతిథిని పేర్కొనుటలోనే రహస్యమున్నది. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీతాచార్యుడు తృతీయాధ్యాయమున బోధించినదియు ఇదియే. భిక్షువు దాచక ధర్మమును నిలుపును. గృహస్థుడు పంచుటకై దాచి ధర్మమును నిలుపును. ఎవరికై దాచినాడనునదే ప్రశ్న.

1864వ సంవత్సరమున బెంగాలులోని జయరాంబాటి ప్రాంతమున కరవు సంభవించెను. ఆ గ్రామమున రామచంద్ర ముఖోపాధ్యాయుడను పేదబ్రాహ్మణుని యింట మునుపటి సంవత్సరపు ధాన్యము కొంత నిలువయుండెను. కరవెన్నాళ్లుండునో తెలియదు, ఇంట పిల్లలు గలరు. అయినను అతడు ధాన్యమును దాచలేదు. బియ్యము, పప్పు కలిపి కిచిడీ వండించి ఆకలితో వచ్చినవారికెల్ల పెట్టించెను. పొగలుగ్రక్కు అన్నము చల్లారువరకు ఓర్వలేక జనులు తినబోవుచుండగా, అతని కుమార్తె రెండుచేతులతో విసరి చల్లార్చుచుండెను. ఆ బాలికయే తరువాత శ్రీశారదాదేవియై లోకమునకు తల్లి అయినది. నిలువచేయుట ఎందులకో ఆమె శాస్త్రముల చదువుటవలన గాక, తండ్రి లోగిలియందే నేర్చినది.

గోదావరీ లంకలలో గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికిని అన్నముపెట్టి అన్నపూర్ణగా ప్రసిద్ధినొందిరి. అర్ధరాత్రి తలుపుతట్టిన వానికి అన్నము పెట్టవలెనన్న కరుణ మాత్రమే చాలదు. ఇంట గింజ యుండవలెను, జాడిలో ఊరగాయ యుండవలెను. ముందుచూపు లేని కరుణ నిట్టూర్పుతో ముగియును.

ఊరగాయ పట్టునపుడు పాటించు మడి యందును ఒక బోధ కలదు. తడి తగిలిన జాడి బూజుపట్టును. చేయి, గరిటె, గుడ్డ, మనస్సు శుభ్రముగా నుంచుకొనుటయే మడి. దానిని సాటిమనుష్యుని దూరముంచుటకు వాడిన, జాడి చెడకున్నను హృదయము బూజుపట్టును.

నేడు అంగడియందు ఏడాదిపొడవునను ఊరగాయ సీసాలు దొరకుచున్నవి. పట్టణములలో భార్యాభర్తలిరువురును ఉద్యోగములు చేయు కుటుంబములకు అవి అక్కరకు వచ్చుచున్నవి, దానిని తప్పుపట్టనేల? కాని అవ్వతోపాటు ఆమె పిడికిటి కొలతయు వెడలిపోయిన పిదప దానిని ఏ అంగడియు తెచ్చియీయజాలదు. మామిడి ఎప్పుడు ముదురునో, చింతకాయ ఎప్పుడు పండునో ఎరుగని బాలునకు, ప్రకృతి ఇచ్చినపుడు వినయముతో గ్రహింపవలెననియు, ఈయనపుడు ఓర్పుతో వేచియుండవలెననియు మాటలతో బోధించుట కష్టము.

కావున నూరుకాయలు పట్టలేనివారు పదికాయలే పట్టుదురుగాక. మేడమీద చోటులేనివారు కిటికీయొద్ద ఒక పళ్లెము వడియములే ఎండబెట్టుదురుగాక. ఆ పని స్త్రీలకే విడువక పురుషులును చేయి కలుపవలెను. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. అవ్వ యున్న యింట ఈ వేసవియందే ఆమెచేత కొలత చెప్పించుకొనవలెను. వచ్చు వేసవి ఎవరి చేతిలోనిది?

జాడి తెరచిననాడు తొలిగిన్నె దేవునిముందు నుంచి, మలిగిన్నె పట్టుకొనలేని పొరుగువారికో, పెట్టువారు లేని వృద్ధునకో పంపి, పిదప తమ విస్తరిలో వడ్డించుకొనవలెను. ఈ వరుస తప్పని యింట నిలువ బంధము కాదు, నివేదనయే యగును.