ఎవరి కళ్ళలో ఎండ?

ఒక కట్టడం ఏ దిక్కుకు ముఖం పెట్టి నిలబడాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. కాకపోతే దాన్ని మనం వాస్తు సిద్ధాంతికి వదిలేశాం. అమెరికాలో బేస్‌బాల్ ఆటకు కొత్త స్టేడియాలు కట్టించేవాళ్ళు దాన్ని ఇంజనీర్లకు వదిలేశారు. నిజానికి అది నీతికి సంబంధించిన ప్రశ్న. ఎండ అందరి మీదా ఒకే తీరుగా పడదు. ఎవరి కళ్ళలో పడాలో ఎవరో ఒకరు నిర్ణయించవలసిందే. ఆ నిర్ణయం ఎవరిది, దానికి ప్రమాణం ఏది అన్నదే ఇక్కడ విచారించదలచుకున్నాను.

బేస్‌బాల్ నిబంధనలలో ఒక వాక్యం వుంది. బ్యాటరు నిలబడే హోంప్లేటు నుంచి, బంతి విసిరే పిచ్చరు మీదుగా, రెండో బేసు దాకా గీసిన గీత తూర్పు–ఈశాన్యానికి పోవడం వాంఛనీయమని. వాంఛనీయమే, తప్పనిసరి కాదు. అలా కడితే మధ్యాహ్నపు ఆటలో సూర్యుడు బ్యాటరు వీపు వెనక వుంటాడు. గంటకు 90 మైళ్ళకు పైబడిన వేగంతో బంతి వచ్చేది అతని మీదికే. 1920 ఆగస్టులో న్యూయార్కులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలింది, మరునాడు చనిపోయాడు. వెలుతురు మందగించిన ఆ వేళ మాసిపోయిన బంతి అతనికి కనిపించి వుండదని అప్పటివాళ్ళు అనుకున్నారు. అంటే చూపు ఇక్కడ ప్రాణంతో సమానం. తూర్పు–ఈశాన్య నియమం వల్ల ఎండ పోయి రైట్ ఫీల్డరు కళ్ళలో పడుతుంది. అతను దూరంగా వుంటాడు. టోపీ అంచు దించుకుంటాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాడు. ప్రమాదం ఎక్కువ వున్నవాడికి వెలుతురు, తక్కువ వున్నవాడికి ఇబ్బంది. నా దృష్టిలో ఇది న్యాయమైన పంపకం.

మన క్రికెట్టు కూడా ఈ సంగతి ఎరుగును. పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా వేయడం అందుకే. న్యూజిలాండులోని నేపియర్ మైదానంలో పిచ్ తూర్పు పడమరలుగా వుండడం వల్ల, 2019 జనవరిలో భారత జట్టు ఆడుతుండగా అస్తమించే సూర్యుడికి ఆట ఆపవలసి వచ్చింది. మబ్బూ లేదు, వానా లేదు. ఎండ వల్ల ఆగిన ఆట!

ఐతే ఆటగాళ్ళ మధ్య పాటించిన ఈ న్యాయం గీత దాటి ప్రేక్షకుల దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. హోంప్లేటు వెనకా, మూడో బేసు వైపూ కూర్చున్నవాళ్ళకు పొద్దు వెనకపాటు; పైన కప్పు. మైదానానికి ఆ కొసన, పడమటి పొద్దుకు ఎదురుగా, కప్పు లేని చెక్కబల్లలు. ఎండకు వెలిసిపోయే బల్లలు కాబట్టి వాటికి బ్లీచర్స్ అని పేరు పడింది. టికెట్టు చవక అక్కడే. నియమం రాసినవాళ్ళు పేదవాణ్ణి ఎండలో కూర్చోబెట్టమని రాయలేదు. సూర్యుడి పక్షపాతం అంతకన్నా లేదు. నీడ ఎక్కడ పడుతుందో తెలిసినవాడు అక్కడ ధర పెంచాడు, అంతే. ఎక్కువ యిచ్చినవాడికి నీడ దొరికితే తప్పేమిటని అడగవచ్చు. సినిమాహాల్లో నేల, బెంచీ, కుర్చీ చూసి పెరిగిన మనకు ఈ వాదం వింతగా కూడా తోచదు. హాలు ఒకడి సొంతమైతే ఆ వాదానికి కొంత బలం వుంది. కట్టిన డబ్బు అందరిదీ అయినప్పుడు ఆ బలం ఎక్కడుంది?

అక్కడికి వచ్చేముందు దీపాల సంగతి చెప్పాలి. పెద్ద జట్ల ఆట రాత్రిపూట మొదటిసారి జరిగింది 1935 మే నెలలో, సిన్సినాటిలో. అంతకుముందు పనిరోజుల్లో మధ్యాహ్నం ఆట చూడగలిగినవాడు, ఆ వేళకు పనిలో వుండనక్కరలేనివాడే. దీపాలు కార్మికుడికి సాయంత్రాన్ని యిచ్చాయి. యజమాని ఉద్దేశం టికెట్లు అమ్ముకోవడమే కావచ్చు, ఫలితం మంచిదే. కాని దీపాలతోపాటు దిక్కుల పట్టింపు సడలింది. బ్యాటరు కళ్ళకోసం తిప్పిన మైదానాన్ని ఇప్పుడు దృశ్యంకోసం తిప్పవచ్చు. పిట్స్‌బర్గ్‌లో 2001లో తెరిచిన పీఎన్‌సీ పార్కు ఆగ్నేయ దిశకు తిరిగింది. నదికి ఆవల వున్న నగరపు భవనాలు కనిపించాలని. అది అందమైనదే, కాదనను. అందం ధనికుల సొత్తని వదిలేసేవాళ్ళలో నేను లేను. అక్కడ నది దాటించే వంతెనకు రోబెర్తో క్లెమెంటే పేరు వుంది. పోర్టోరికో నుంచి వచ్చి పిట్స్‌బర్గ్‌కు ఆడినవాడు, భూకంపంలో నలిగిన నికరాగ్వాకు సాయం పట్టుకుపోతూ 1972 చివరిరోజున విమానం కూలి చనిపోయినవాడు. అతను రైట్ ఫీల్డరు కూడాను!

ఐనా ఆ దృశ్యానికి ఖర్చులో అధికభాగం ప్రజలది. బాల్టిమోర్‌లో 1992లో తెరిచిన కామ్‌డెన్ యార్డ్స్‌కు కొంత డబ్బు లాటరీల నుంచి వచ్చింది. లాటరీ టికెట్టు కొనేవాడెవడో వేరే చెప్పాలా? టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో 1994లో కట్టిన స్టేడియం వుండగానే, వేడి భరించలేమని, కప్పు మూసి చల్లబరచే మరొకటి 2020లో తెరిచారు. అందుకు 50 కోట్ల డాలర్ల దాకా యివ్వడానికి 2016లో నగర ఓటర్లు ఒప్పుకున్నారు. దుకాణంలో ప్రతి డాలరు మీదా అర సెంటు పన్ను ఆ దారిన పోతుంది. ఆ ఊళ్ళో సామాను కొనుక్కునే మన తెలుగువాళ్ళ అర సెంటు కూడా. ఎండబాధ తీరింది కదా అంటే, తీరింది. కాని బ్లీచర్సులో మాడినవాడి బాధ ఇరవైఆరేళ్ళలో ఎవరికీ ఇంత అత్యవసరంగా తోచలేదు. ఇలాంటి సబ్సిడీలు ఊరికి తిరిగి లాభం తేవని ఆర్థికశాస్త్రజ్ఞులు, మామూలుగా దేనిమీదా ఏకీభవించనివాళ్ళు, ఈ ఒక్కదానిమీద దాదాపు ఏకమైనారు.

ఇంతవరకూ నా వాదం సులువుగా నడిచింది: అందరి డబ్బైతే అందరికీ నీడ. ఆ సులువును చెడగొట్టే ఉదాహరణ లాస్ ఏంజిలిస్‌లో వుంది. డాడ్జర్ స్టేడియంను జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ సొంత డబ్బుతో కట్టాడు. 1962 ఏప్రిల్‌లో తెరిచారు. హోంప్లేటు వెనక కూర్చుంటే మైదానం మీదుగా శాన్ గేబ్రియల్ కొండలు కనిపిస్తాయి. ఆ చోటి పేరు చావెజ్ రవీన్. అంతకుముందు అక్కడ పాలో వెర్డే, లా లోమా, బిషప్ అని మూడు పేటలు, ఎక్కువగా మెక్సికన్ మూలాల కుటుంబాలు. 1950లో నగర గృహనిర్మాణ సంస్థ వాళ్ళకు కాగితాలు పంపింది: ఇళ్ళు ఖాళీ చేయండి, ఇక్కడ ప్రభుత్వ గృహాలు వస్తాయి, మొదటి హక్కు మీదే అని. ఆ పథకానికి పాటుపడ్డ ఫ్రాంక్ విల్కిన్‌సన్‌ను 1952లో నీ రాజకీయ సంబంధాలేమిటని నిలదీశారు. అతను జవాబు చెప్పలేదు, ఉద్యోగం పోయింది. ప్రభుత్వ గృహాలు సోషలిజం అన్నవాళ్ళు 1953లో మేయరు పదవి గెలిచారు. ఇళ్ళు రాలేదు. ప్రజాప్రయోజనానికే వాడాలన్న షరతుతో నగరానికి చేరిన భూమి ఆటకు పోయింది. 1958 జూన్‌లో ఓటర్లు స్వల్ప మెజారిటీతో దాన్ని ఆమోదించారు.

ఆటస్థలం ప్రజాప్రయోజనం కాదా? అవుననే అంటాను. ఆట జనానికి మత్తుమందు అనే మిత్రులతో నాకు పేచీ వుంది. రోజంతా ఒళ్ళు వంచినవాడు సాయంత్రం పదిమందితో కలిసి కేకలు వేసే హక్కును మనం చిన్నచూపు చూడరాదు. ఓటు కూడా వేశారు. కాని ఓటు వేసిన లక్షలమందిలో ఇల్లు పోగొట్టుకున్నవాడి వాటా ఎంత? వాడు భూమి వదిలింది ఒక మాట నమ్మి. మాట యిచ్చినవాడు ప్రయోజనం మార్చుకోవచ్చుగాని, ఆ మాట మీద తీసుకున్నదాన్ని వుంచుకుని మార్చుకోరాదు. రైట్ ఫీల్డరు ఎండను భరిస్తాడు, వచ్చే ఇన్నింగ్సులో బ్యాటు పట్టి తనూ నీడకు వస్తాడు. వీళ్ళకు ఆ వంతు రాలేదు.

1959 మే 8న చివరి ఇళ్ళను ఖాళీ చేయించారు. అరేచిగా కుటుంబపు స్త్రీని పోలీసులు కాళ్ళూ చేతులూ పట్టి మోసుకువస్తున్న ఫోటో దేశమంతా చూసింది. కొద్దిరోజులకే ఆ కుటుంబానికి వేరేచోట ఇళ్ళున్నాయని పత్రికలు బయటపెట్టాయి. జాలి చల్లారిపోయింది. పేదవాడు పూర్తిగా పేదవాడై వుంటేనే అతనికి జరిగింది అన్యాయం అవుతుందన్నట్టు! రెండో ఇల్లు వున్నవాడికి యిచ్చిన మాట మాట కాదా?

పాలో వెర్డే బడిని కూల్చకుండానే మట్టి పోసి పూడ్చారు. ఇప్పుడది మూడో బేసుకు వాయవ్యాన, కార్లు నిలిపే చోట కింద వుంది. ఆ పేటల పిల్లలు పెద్దవాళ్ళై, తమను తాము వెళ్ళగొట్టబడినవాళ్ళమని స్పానిష్‌లో పేరు పెట్టుకుని, స్టేడియం పక్కనే వున్న ఎలీసియన్ పార్కులో ఏటేటా కలుసుకుంటూ వచ్చారు, తినడానికి ఇంట్లో వండుకున్నవి పట్టుకుని.