విశ్రాంతి సోమరితనమా?

చెరకు తోటలలో ఎండనపడి పనిచేసిన పూర్వికులకు వ్యాయామమను మాటతో అవసరము కలుగలేదు. సూర్యోదయమునకు ముందే కత్తి పట్టి పొలమునకు పోయి, సాయంకాలము నడుము పట్టుకొని తిరిగివచ్చిన మనిషికి దేహపరిశ్రమ చేయుమని ఎవరు చెప్పుదురు? వారికి కొరవడినది విశ్రాంతి. అదియు విధివశమున కాదు, చట్టము చేత కొరవడినది.

మారిషస్ ద్వీపమున 19వ శతాబ్దమునందు ఒప్పంద కూలీ అనుమతి లేక ఒక దినము పనికి రాకున్న, ఆనాటి కూలితో పాటు మరియొక దినపు కూలియు కోసివేసెడివారు. దానికి ‘డబుల్ కట్’ అని పేరు. ఆదివారము ప్రొద్దున సైతము ‘కోర్వే’ యను పేర కూలి లేని పని చేయించెడివారు. ఒప్పందము తీరినవాని గతియు అంతంతమాత్రమే. 1867 నాటి చట్టము ప్రకారము అతడు తన ఛాయాచిత్రముతో కూడిన చీటిని వెంట ఉంచుకొనవలెను. లేకున్న దారిన పోవుచున్నవానిని దేశదిమ్మరియని పట్టుకొనెడివారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిజ్ సాయముతో 9,401 మంది పాత వలసకూలీలు అర్జీ పెట్టుకొనిరి. 1872లో రాయల్ కమిషన్ ఏర్పడెను. ఊరక కూర్చుండుటయు, ఊరక నడచుటయు నేరములైన కాలమది.

ఇప్పుడు వారి సంతతిని చూడుడు. పదునెనిమిదేండ్ల యువకుడు వారమున ఏడు దినములును జిమ్ముకు పోవును. జ్వరము వచ్చి ఒకనాడు మానినచో మరునాడు రెండింతలు చేయును. మణికట్టున కట్టిన గడియారము అడుగులు లెక్కించి, తక్కువైననాడు మందలించును. తోట యజమాని పోయెను గాని డబుల్ కట్ పోలేదు. కుర్రవాడు దానిని తనకు తానే విధించుకొనుచున్నాడు.

వ్యాయామము వలదని ఎవరును అనజాలరు. మధుమేహము మిక్కుటముగా నున్న ఈ ద్వీపమున, ట్యూషను బల్ల నుండి లేచి ఫోను ముందు కూర్చుండు పిల్లలే నిజమునకు ఎక్కువ దిగులు కలిగింపవలెను. 5 నుండి 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషములైనను చురుకైన కదలిక ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. కాని కండరములను, ఎముకలను బలపరచు శ్రమకు అది చెప్పిన కనీసపు లెక్క వారమునకు మూడు దినములే. నిత్యము కదలుట వేరు, నిత్యము దేహమును విరుచుకొనుట వేరు.

కఠినశ్రమ వలన కండరములలో సూక్ష్మమైన చీలికలు కలుగును. అవి మానునది విశ్రాంతిలోను, నిద్రలోను. బలము వచ్చునదియు అప్పుడే. ఎదుగు పిల్లలలో ఎముకల కొనలయందలి మృదులాస్థి ఇంకను గట్టిపడియుండదు. ఒకే చోట మరల మరల లాగు పడినచో అచట నొప్పి పుట్టును. ఫుట్‌బాల్ ఆడు పిల్లవాడు మోకాటిచిప్ప క్రింద బుడిపె వచ్చినదని కుంటుట పలువురెరిగినదే. వైద్యులు దానిని ఓస్‌గుడ్ ష్లాటర్ వ్యాధి అందురు. వారమున ఒకటి రెండు దినములు శిక్షణ మానవలెననియు, ఒకే ఆటకు సంవత్సరమున రెండు మూడు నెలలు విరామమియ్యవలెననియు అమెరికాలోని శిశువైద్యుల అకాడమీ చెప్పుచున్నది. 13 నుండి 18 ఏండ్ల వారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. ఇది క్రొత్త మాటయు కాదు. వాగ్భటుని అష్టాంగహృదయము బలవంతుడు సైతము తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని చెప్పి, అతిగా చేయువానిని ఏనుగును ఈడ్చబోయి నశించు సింహముతో పోల్చెను.

అయినను పెద్దలు కొందరు, “మీ ముత్తాత ఒక్కనాడైన సెలవెరుగునా? నీకు విశ్రాంతి కావలెనా?” అని యువకులను దెప్పుదురు. ఈ మాట గౌరవముగా తోచును గాని, పూర్వికుల బాధను తప్పుగా చదివినట్టిది. వారు సెలవు లేక పనిచేసినది ఆదర్శము కొరకు కాదు, కూలి పోవునను భయము చేత. కొరడా నీడలో జరిగినదానిని సద్గుణమని పొగడినచో, ఆ కొరడానే పొగడినట్లగును. అర్జీపై తమ పేర్లు పెట్టించినవారు ఎక్కువ పని ఇమ్మని అడుగలేదు గదా!

దీనికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. సాధన నిత్యము జరుగవలెను, ఒకనాడు విడిచిన అలవాటు రెండవనాడును విడువబడును అని అందురు. ఇందు సత్యము లేకపోలేదు; సోమరి కూడ విశ్రాంతి అనియే చెప్పుకొనును. భేదము ఎచ్చట? బుధవారము మానవలెనని సోమవారమే నిర్ణయించుకొని, గురువారము వేళకు మైదానమున నిలుచువాడు నియమము తప్పినవాడు కాడు. బుధవారము ప్రొద్దున పడకపై పొరలుచు నిర్ణయించుకొనువాని సంగతి వేరు. భగవద్గీత ఆరవ అధ్యాయమున యోగము అతిగా నిద్రించువానికిని లేదు, అతిగా మేల్కొనువానికిని లేదు అను భావము కలదు. మొదటి సగమును పిల్లలకు వినిపించు పెద్దలు రెండవ సగమును తరచుగా మరచెదరు.

మరియొక విషయము. విశ్రాంతి దినమని శనివారమును ఏర్పరచి, దానిని మూడు ట్యూషనులతో నింపు ఇండ్లు తక్కువ కావు. కాళ్లకు సెలవిచ్చి తలపై బరువెత్తుటను ఏమనవలెను? ఆడపిల్లల విషయము ఇంకను చిత్రము. అన్న ఆదివారము కాళ్లు చాపుకొని పరుండిన, పాపము అలసినాడందురు. అతనితో సమానముగా వాలీబాల్ ఆడి వచ్చిన చెల్లెలికి గిన్నెలు, ఇస్త్రీ, మందిరమునకు పూలదండలు కాచుకొని యుండును. వాని కాళ్లెంత అలసినవో ఆమె కాళ్లును అంతే అలసినవి. గిన్నెలు ఒకనాడు అన్న వంతుకు వచ్చినను ఆటకు నష్టము లేదు.