ఆదరణ, నిరీక్షణ

శోకమును గూర్చి క్రైస్తవము చెప్పు మాటలను తెలుగువారు అనువాదమునందే మొదట వినిరి. వానిలో రెండు పదములు గమనింపదగినవి. హిందీ బైబిలున 'ఆశా' యని యున్నచోట తెలుగు బైబిలు 'నిరీక్షణ' యనినది. ఆశ తీరకపోవచ్చును, ఎదురుచూచువాడు మాత్రము వాకిటి దీపమును ఆర్పడు. పరిశుద్ధాత్మను హిందీవారు 'సహాయక్' అనిరి. తెలుగువారు 'ఆదరణకర్త' యనిరి. సహాయము పనిని చక్కబెట్టును. ఆదరణ వచ్చినవానిని కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చును. దుఃఖితునకు కావలసినది వీనిలో ఏది?

ఇది పదముల చర్చ మాత్రమే కాదు. నోయిడా 1976లో ఏర్పడిన నగరము. బ్రదుకుతెరువునకై వచ్చిన పలుభాషలవారు అంతస్తులపై అంతస్తులలో కాపురముండు చోటు. 2021 వేసవిలో కోవిడు రెండవ తాకిడినాడు అచ్చటి శ్మశానమున చితికొరకు వేచియుండవలసి వచ్చినది. శవమును మోయుటకు బంధువులు రాలేకపోయిరి. పలుకరించుటకు పొరుగువారు వెరచిరి. మోయువారు లేని మరణమెట్టిదో బాగుగా ఎరిగిన క్రైస్తవురాలు ఈ దేశమున ఒకతె యుండెను. ఆమె పండిత రమాబాయి (1858–1922).

కరవుకాలమున ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే కుటుంబముతో తీర్థములు తిరుగుచు తిరుపతి చేరెను. నగలు, పాత్రలు అమ్ముడుపోయినవి. అడవిలో పదునొకండు దినములు ఆకులు, నీరు, గుప్పెడు అడవి ఈతపండ్లు — ఇంతియే ఆహారము. 1874లో తండ్రి పోయెను. కొలది వారములకు తల్లియు పోయెను. తల్లి పాడెకు ఇద్దరు బ్రాహ్మణులు అతికష్టముమీద దొరకిరి. మిగిలిన రెండు కొనలను అన్నయు రమాబాయియు పట్టిరి. పొట్టిదగుటచే ఆమె కొయ్యను తలపై మోసెను. తరువాత అక్క, 1880లో అన్న, 1882లో కలరాచే భర్త బిపిన్ బిహారీ మేధావి. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే ఆమెకు మిగిలినది ఒక పసిబిడ్డ.

1883లో ఇంగ్లండునందలి వాంటేజిలో ఆమె బాప్తిస్మము పొందెను. శోకమే ఆమెను క్రీస్తువద్దకు తరిమినదనుట సులభము. ఆమె వ్రాతలు అట్లు చెప్పవు. పతితస్త్రీలను చేరదీయు సన్న్యాసినుల సేవాగృహమును ఆమె లండనులో చూచెను. సమరయ స్త్రీ కథను తెలిసికొనెను. చనిపోయినవారి మాట అటుండగా, వెలివేయబడి బ్రదికియున్నవారికి ఇచ్చట చోటు కలదని ఆమెకు తోచెను. తండ్రి అంత్యకాలమున ఆమెను దేవుని చేతికి అప్పగించెను. శాస్త్రి క్రైస్తవుడు కాడు. అయినను ఆ ప్రార్థనను ఆలకించినవాడే తన్ను పిలిచెనని ఆమె విశ్వసించెను. మతము మారినవారికి తమ పూర్వుల గతి ఏమను భయము కలుగును; దానికి వేదాంతులు చెప్పు సమాధానములు తరచు కఠినములు. రమాబాయి తన తండ్రిని వెనుక విడువలేదు.

మరి విశ్వాసము దుఃఖమును తగ్గించునా? "ఏడవకుడు, వారు పరలోకమున సుఖముగా నున్నారు" అని తొందరపెట్టువారు ఏ సంఘమునందైనను కలరు. దానివలన సుఖపడునది పలుకరింపవచ్చినవాడే. లాజరును లేపబోవుచుండిన క్రీస్తు సైతము సమాధిని చేరబోవుచు కన్నీరు విడిచెనని యోహాను సువార్త తెలుపుచున్నది. పౌలు థెస్సలొనీకయులకు వద్దనినది నిరీక్షణ లేని దుఃఖమును, దుఃఖమునంతటిని కాదు. ఆంగ్లరచయిత సి. ఎస్. లూయిస్ 1940లో బాధకు తర్కబద్ధమైన సమాధానము చెప్పుచు ఒక గ్రంథము వెలువరించెను. 1960లో భార్య మరణించినది. మరుసటి యేట తన శోకమును మారుపేరుతో ప్రకటించెను. మొదటి గ్రంథము అబద్ధము కాదు గాని, రెండవదానిని చదివినవారికి అది చాలదని తోచును.

1896–97 కరవున రమాబాయి మధ్యపరగణాలకు పోయి, దిక్కులేని బాలికలను వందలకొలదిగా తెచ్చి పూనా దాపున కేడగాములోని ముక్తిసదనమున చేర్చెను. ఇరువదిరెండేండ్లనాటి ఆకలి ఆమెకు జ్ఞప్తియందే యున్నది. ఆ గాయము పూర్తిగా మానియుండినచో ఆమె అంత దూరము పోయియుండునా యనుట సందేహమే. పని శోకమునకు మత్తుమందు మాత్రమే యని ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని మత్తు దుఃఖితుని కన్నులు మూయును. ఈమె ఇతరుల ఆకలిని ముందుకంటె స్పష్టముగా చూచెను.

1921లో ఆమె కుమార్తె మనోరమ మరణించినది. సదనభారమును వహింపవలసినది ఆ బిడ్డయే. అప్పటికి రమాబాయికి అరువదిమూడేండ్లు, వినికిడి సన్నగిల్లినది. హీబ్రూ, గ్రీకు మూలములనుండి మరాఠీలోనికి బైబిలును అనువదించు పనిని ఆమె మానలేదు. 1922 ఏప్రిలు 5న ఆమె మరణించునాటికి అది ముగిసినది. ఆ పుటలకు అక్షరములు పేర్చినవారు ముక్తిసదనపు స్త్రీలు.