పిన్ని వీలునామా

మా పిన్నికి తెనాలిలో చిన్న ఇల్లుంది. ముప్ఫయ్యేళ్ళు పంతులమ్మగా చేసి, చీటీల డబ్బూ పీ.ఎఫ్. డబ్బూ కలిపి కొనుక్కున్నది. బాబాయి పెళ్ళయిన ఆరేళ్ళకే పోయాడు. పిల్లల్లేరు. జ్వరమొచ్చినా, కళ్ళ ఆపరేషనయినా, పరుగెత్తేది నేనే. ఈ మాట గొప్పకోసం చెప్పడం లేదు. నా చిక్కంతా అక్కడే ఉంది.

ఈమధ్య ఒక నవలకోసం లాయరుగారిని కలిశాను. అప్పటిదాకా వారసత్వమంటే అన్నదమ్ముల తగూ అనుకునేదాన్ని. (కథలు రాసేవాళ్ళకి తెలియనివి ఎన్నో!) ఒకప్పుడు భర్తనుంచి వచ్చిన ఆస్తిని వితంతువు అనుభవించడమే తప్ప తనిష్టమొచ్చినట్టు అమ్మడానికి లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడదాని ఆస్తికి ఆమెనే పూర్తి యజమానురాలిని చేసింది. బాగానే ఉంది కదూ? కానీ అదే చట్టంలో ఇంకో మాటుంది. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, అమ్మానాన్నలనుంచి వారసత్వంగా వచ్చింది పుట్టింటివైపు వెళుతుంది. తన కష్టార్జితం మాత్రం ముందు భర్త వారసులకే!

లాయరుగారు ఒక కేసు చెప్పారు. పెళ్ళయిన మూణ్ణెల్లకే భర్త పోతే అత్తవారు గెంటేసిన ఒకావిడ, పుట్టింట చదువుకుని ఉద్యోగం చేసి, 1996లో వీలునామా లేకుండా కన్నుమూసింది. ఆమె దాచుకున్నది కన్నతల్లికి దక్కలేదు, ఆడబిడ్డ కొడుకులకు దక్కింది. జాలిపడి తీర్పు మార్చలేమని 2009లో సుప్రీంకోర్టు అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పిన్ని ఇల్లు బాబాయి అన్న కొడుకులకు వెళుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, పండక్కి ఫోను చేస్తారు. ఈ సంగతి పిన్నికి చెప్పాలా? చెబితే, "ఇంటిమీద కన్నేసింది" అనుకోదూ? చెప్పకపోతే, ఆవిడ సొత్తు ఆవిడకి తెలియకుండానే చేతులు మారుతుంది. నా మంచిపేరుకోసం ఆవిడ హక్కును దాచిపెట్టడం ఏం మంచితనం? వారంరోజులు నాలో నేనే వాదించుకున్నాను. మీరైతే ఏం చేసేవారో!

చివరికి వెళ్ళి చెప్పేశాను. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, నువ్వు సంతకం పెట్టడం చూసి ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది, మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది అని గడగడా అప్పజెప్పాను. ఆఖర్న, "నా పేరు మాత్రం రాయకు పిన్నీ" అన్నాను.

పిన్ని కళ్ళజోడు తీసి నా వంక చూసింది.

"రాయమనడానికి నువ్వెవరు? రాయొద్దనడానికి మాత్రం నువ్వెవరే?"

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అంత త్యాగం ఒలకబోశాననుకున్నాను గాని, నేనూ ఆవిడ చేతిలోని కలం పట్టుకోబోయినదాన్నేగా!

తరువాతి బుధవారం ఆటోలో రిజిస్ట్రారాఫీసుకు తీసుకువెళ్ళాను. సాక్షులు ఆవిడ పాత స్కూలు పంతులమ్మలిద్దరు. నేను వేపచెట్టు కింద కూర్చున్నాను. గంటన్నర తరువాత పిన్ని కవరు సంచిలో పెట్టుకుంటూ బయటికొచ్చింది. అందులో ఏముందో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. దారిలో ఆటో ఆపించి పావుకిలో జీడిపప్పు కొంది, ఇంటికెళ్ళి ఉప్మా చేసుకుందామని.