అన్నగారింట అద్దె



బ్రిటన్‌లో అద్దె కట్టుకోలేనివారికి ప్రభుత్వం చేసే సాయం ప్రధానంగా రెండు దారుల్లో అందుతుంది. పింఛను వయసు దాటినవారికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్ మొదటిది కాగా, పనిచేసే వయసువారికి 2013లో మొదలై పాత భత్యాలను క్రమంగా తనలో కలుపుకున్న యూనివర్సల్ క్రెడిట్‌లోని అద్దె భాగం రెండవది. పేర్లు వేరైనా, బంధువుల పంచన ఉంటూ సాయం కోరేవారి విషయంలో రెంటి ధోరణీ ఒకటే. అద్దె పుచ్చుకునే వ్యక్తి దగ్గరి బంధువై, అదే ఇంట్లో కలిసి నివసిస్తున్నట్లయితే, నెలనెలా చేతులు మారే సొమ్ము ఎంతైనా, దానికి రాసుకున్న ఒప్పందం ఎంత పక్కాగా ఉన్నా, చట్టం దృష్టిలో అద్దె బాధ్యత లేనట్టే లెక్క. 2006 నాటి హౌసింగ్ బెనిఫిట్ నిబంధనల్లో తొమ్మిదవదీ, 2013 నాటి యూనివర్సల్ క్రెడిట్ నిబంధనల రెండవ షెడ్యూలూ చెప్పేది ఇదే. అన్నగారి సొంత ఇంట్లో ఒక గదిలో ఉంటూ, ఉద్యోగం పోయినా ఆయనకు ఇవ్వవలసినది ఇస్తూ వస్తున్న చిరంజీవి, ఆ సొమ్ముకు ప్రభుత్వ సాయం అందుతుందా అని అడిగిన ప్రశ్నకు చట్టపరమైన జవాబు ఇక్కడితో అయిపోయింది. కాని ఆ జవాబు తెలిశాక శ్రేయోభిలాషుల నుంచి వచ్చే సలహాలు అంత త్వరగా అయిపోవు కనుక ఈ లేఖ ఇంకొంత సాగక తప్పదు.

దగ్గరి బంధువు అన్న మాటకు నిబంధనల్లో నిర్దిష్టమైన జాబితా ఉంది. తల్లిదండ్రులు, అత్తమామలు, కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, కోడళ్లు, సవతి తల్లిదండ్రులు, సవతి బిడ్డలు, తోబుట్టువులు, వీరి జీవిత భాగస్వాములు అందులోకి వస్తారు. కాబట్టి ఒప్పందం అన్నగారి పేర కాక వదినగారి పేర రాసుకుంటే సరిపోతుందన్న సలహా నిలవదు. మేనమామ, పినతండ్రి, వారి సంతానం, తాత ఆ జాబితాలో లేరు. తెలుగు ఇంట సొంత అన్నతో సమానంగా చూసే పెదనాన్న కొడుకు ఈ చట్టానికి దూరపు చుట్టమే అవుతాడు గనుక, అతని ఇంట్లో నిజమైన అద్దెకు ఉన్నవారు సాయం అడగవచ్చు. దరఖాస్తులో వరుసను ఉన్నదున్నట్టు విడమరచి రాయాలి. ఆప్యాయతకొద్దీ అతన్ని అన్న అని రాసినవారు రావలసినది పోగొట్టుకుంటారు. తోడబుట్టినవాణ్ణి పెదనాన్న కొడుకని రాసినవారు నేరం చేసినవారవుతారు. ఈ గీత మన చుట్టరికాల లెక్కకు అతకదన్నది నిజమే. ఇంటి అప్పు వాయిదాలు తీర్చడానికి తమ్ముడిచ్చే సొమ్ము మీద ఆధారపడిన అన్నకు ఇది కఠినంగానూ తోస్తుంది. అయినా ఒకే వంటింట్లో తినే తోబుట్టువుల మధ్య నడిచేది పంపకమే తప్ప వ్యాపారం కాదన్న దాని మూలభావన మన పెద్దలు ఒప్పుకోనిదేమీ కాదు.

జాబితాలో లేని బంధువు విషయంలోనూ, వేరే ఇంట నివసించే తల్లిదండ్రుల వంటి యజమాని విషయంలోనూ, అధికారులు చూసేది ఆ ఒప్పందం వ్యాపార ప్రాతిపదికన ఉన్నదా అని. అంటే, షరతులు న్యాయస్థానంలో అమలు చేయించదగినవేనా, అద్దె వాస్తవంగా ముడుతోందా, బకాయి పడితే యజమాని నిజంగా నిలదీస్తాడా అన్నవి పరిశీలిస్తారు. చుట్టరికం కొద్దీ అద్దె కొంత తగ్గించినంత మాత్రాన ఒప్పందం చెల్లదనడానికి లేదు. ఇంకొక పరీక్ష కల్పిత బాధ్యతకు సంబంధించినది. భత్యం రాబట్టుకోవడానికే అద్దెను సృష్టించారని తేలితే, తక్కినవన్నీ సక్రమంగా ఉన్నా సాయం అందదు.

అన్నగారు వేరేచోట ఉంటున్నట్టు చూపిస్తే పోతుందన్న సలహాను ఇప్పుడు తూచవచ్చు. 1992 సామాజిక భద్రతా పరిపాలన చట్టంలోని 111ఏ సెక్షన్ కింద, భత్యం కోసం తెలిసి అబద్ధం చెప్పినవారికి గరిష్ఠంగా 7 సంవత్సరాల జైలుశిక్ష పడవచ్చు. తీసుకున్న సొమ్ము తిరిగి కట్టవలసి రావడం అదనం. పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు సత్ప్రవర్తన పరిశీలనలో ఆ మచ్చ బయటపడుతుంది. కాని శిక్షాభయం కంటే ముందు చూడవలసినది, ఆ అబద్ధంలో సంతకం ఎవరిది అన్నది. ఆశ్రయం ఇచ్చిన అన్న, తన ఇంట్లో తాను లేనట్టు కాగితం మీద ఒప్పుకోవాలి. తలుపు తట్టినవారికి పిల్లలు కూడా అదే చెప్పాలి. ఏళ్లుగా పన్ను కట్టాం కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ పన్ను అన్నగారిని ఈ స్థితిలో నిలబెట్టే హక్కును కొనిపెట్టలేదు.

నిజాయితీగల దారులు లేకపోలేదు. చట్టం అడిగేది ఎవరితో ఉంటున్నావని మాత్రమే కాదు, అద్దె ఎవరికి బాకీ అని కూడా. అన్నదమ్ములు బయటి యజమాని దగ్గర ఒకే ఒప్పందం మీద ఉమ్మడి కిరాయిదార్లుగా చేరితే, ఇద్దరి బాధ్యతా ఆ యజమానికే కనుక, ఎవరి వాటా వారు సాయానికి చూపుకోవచ్చు. విడిగా ప్రైవేటు ఇంట్లో అద్దెకు వెళ్లే ఒంటరివాడికి 35 ఏళ్లు నిండకపోతే, సాధారణంగా పంచుకున్న ఇంట్లోని ఒక గదికి స్థానికంగా నిర్ణయించిన మేరకే సాయం లభిస్తుందని మరువకూడదు.

ఎక్కడికీ వెళ్లకుండా అన్నగారింటనే ఉన్నా, అద్దె భాగం తప్ప యూనివర్సల్ క్రెడిట్‌లోని ప్రాథమిక భత్యానికి అడ్డు లేదు. శాశ్వత నివాస అనుమతి ఉన్న చిరంజీవి దాన్ని అడగడానికి సిగ్గుపడుతున్నట్టు తెలిసింది. లేని అద్దెను అడగడానికి సందేహించనివారు ఉన్న హక్కును అడగడానికి నామోషీ పడడం వింతే. కాని ఆ దరఖాస్తులో ఆస్తుల ప్రశ్న ఉంటుంది. 16,000 పౌండ్లకు మించిన పొదుపు ఉన్నవారికి ఈ భత్యం రాదు, 6,000 దాటినప్పటి నుంచే అది తగ్గుతూ వస్తుంది. ఈ లెక్కలో భారతదేశంలోని బ్యాంకు డిపాజిట్లూ, ఊళ్లో తన పేర పడి ఉన్న ఇంటిస్థలమూ చేరతాయి. స్వదేశపు ఆస్తి అక్కడివారికి కనబడదనుకోవడం మన వాళ్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు. చదువు వీసా, నైపుణ్య ఉద్యోగ వీసా మీద ఉన్న మిత్రులకు మాత్రం ఈ సలహా వర్తించదు. వారి అనుమతిలోనే ప్రభుత్వ నిధులను ఆశ్రయించరాదన్న షరతు ఉంటుంది, దాన్ని మీరితే వీసాకే ముప్పు.

దరఖాస్తుకు ముందు సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయంలో ఉచితంగా దొరికే సలహా తీసుకోవడం మేలు. నిర్ణయం తప్పనిపిస్తే నెలలోపు పునఃపరిశీలన కోరవచ్చు, దానికీ ఫలితం లేకపోతే స్వతంత్ర ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నెలనెలా ఇస్తున్న సొమ్ము సంగతి ఈలోగా అన్నగారితో కూర్చుని మాట్లాడుకోవాలి. దాన్ని కొన్నాళ్లు ఆపుదామని ఆయనే అనే అవకాశం ఉంది, అయితే ఆ మాట వదినగారి ఎదుట జరగడం మంచిది.