మెరిసే రాగి కనబడువరకు

మూలవాక్యము: పరమగీతము 2:15



పూత పట్టిన ద్రాక్షతోటను చెరుపునవి ఏనుగులని ఈ వాక్యము చెప్పుట లేదు, నక్కలని చెప్పుచున్నది. కౌండిన్య అడవినుండి ఏనుగులు దిగి పంటలను త్రొక్కుట పలమనేరు ప్రాంతపు మనకు తెలియును. ఏనుగు వచ్చెనన్న ఊరంతయు లేచును. ఎలుక చప్పుడైన మనము ప్రక్కకు తిరిగి పండుకొందుము.

గత నవంబరులో మా సంఘపు జీపు పదునెనిమిది దినములు షెడ్డులోనుండి కదలలేదు. లోపము బండిలో లేదు. డీజిలు లెక్క విషయమై రెండు కుటుంబములకు మాటపట్టింపు కలిగి, తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనను వాదము పుట్టెను. మేము దానిని గుడి బీరువాలో పెట్టి, సమాధానముకొరకు ప్రార్థించుచున్నామని చెప్పుకొంటిమి. నిజమునకు ఆ రెండిండ్లలో ఏ గడపయు త్రొక్కలేదు.

ఒక రాత్రి సంఘములోని ఒక సహోదరికి నొప్పులు వచ్చెను. 108 బండి అప్పటికే వేరొక పల్లెకు పోయియుండెను. జీపు తాళము త్రిప్పగా చప్పుడైనను రాలేదు. బానెట్ ఎత్తి టార్చి వేసి చూడగా, గడ్డి, గుడ్డపీలికలు, చెనిక్కాయ పొట్టుతో ఇంజనుమీద ఎలుకలు గూడు కట్టియుండెను. స్టార్టరునకు పోవు వైరు తెగియుండెను. పొరుగువారి ఆటోలో ఆమెను ఆసుపత్రికి చేర్చితిమి. దేవుని కృపవలన తల్లియు బిడ్డయు క్షేమము. ఆ ఆటో దొరకనియెడల మేము దేవుని యెదుట ఏమి చెప్పుకొందుము? ఎలుకలు కొరికినవని చెప్పుదుమా?

మరునాడు మెకానిక్కు వచ్చి మొదట బ్యాటరీ తీగ ఊడదీసెను. టేపు చుట్టి నడిపించుమని మేము తొందరపెట్టితిమి. "అయ్యగారూ, టేపు చుడితే నాలుగు నాళ్లు నడుస్తాది. లోపలికి తేమ పోయి రాగి పచ్చబడతాది. మెరిసే రాగి కనబడేదాకా కోయాల్సిందే" అనెను. అట్లే కోసి, క్రొత్త వైరు కలిపి, టంకము పెట్టి, తొడుగు వేసెను. పంటిగాట్లు పడిన డీజిలు గొట్టమును అతుకక మార్చివేసెను; వేడి ఇంజనుమీద డీజిలు కారిన బండియే కాలిపోవచ్చును.

ప్రియులారా, ఎలుకకు మన బండిపై పగ లేదు. దాని ముందు పండ్లు బ్రదుకంతయు పెరుగుచునే యుండును గనుక అరగదీయుటకు కొరుకును. చాటును తిండియు దొరికినచోట కాపురము పెట్టును. బండిలో చెనిక్కాయల సంచి, షెడ్డు ప్రక్కన గడ్డివామి, పదునెనిమిది దినముల నిశ్శబ్దము: ఇవన్నియు మేమే యిచ్చితిమి. మనస్సులోని అసూయకును చాడికిని ఇట్టి చోటే కావలెను. నడుచు బండిని ఎలుక ముట్టదని కాదు. దినము బానెట్ ఎత్తువాడు మొదటి గడ్డిపోచనే చూచును. తన్ను పరిశోధించుమని 139వ కీర్తనలో భక్తుడు దేవుని వేడుకొనినది ఇందుకే.

సంఘములో మనము టేపు చుట్టు సమాధానములు అనేకము. పండుగనాడు చేతులు కలుపుదుము. లోపల రాగి పచ్చబడుచుండును. అర్పణమును బలిపీఠమునొద్దనే విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పెను (మత్తయి 5:23–24). కావున ఆ ఆదివారము సంస్కారమునకు ముందు మా మౌనమును మేమే మొదట ఒప్పుకొంటిమి. తరువాత డీజిలు పుస్తకమును అందరియెదుట చదివితిమి. తేడా ఒక క్యానుమాత్రమే! ఒక కుటుంబము కన్నీటితో ముందుకు వచ్చెను. రెండవది ఇంకను రాలేదు. వారి గడపకు మూడు మారులు పోతిమి, మరల పోవుదుము.

బండ్లున్నవారికి ఒక మాట. గింజలు బండిలో ఉంచకుడి. గడ్డిని దూరముగా వేయుడి. షెడ్డు సందులకు ఇనుప జాలి కొట్టుడి. ఎలుక మూత్రమువలన జ్వరము సోకగలదు గనుక తొడుగులు లేక గూడు తీయకుడి. విషము పెట్టిన పిల్లలకును కోళ్లకును అపాయము.

మన బీరువాలో ఎవరి తాళపుచెవి ఉన్నది? ఎవరి గడపను మనము త్రొక్కక మానితిమి? నేడే లేచి పోవుదము. ప్రభువు మన లోపలి చీకటిని తెరచి చూచి, చెడినదానిని కోసి, మనలను మరల ఒకటిగా కలుపునుగాక. ఆమేన్.