పని చేస్తూనే పట్టా



విశాఖ మద్దిలపాలెంలో బస్సు దిగి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు నడిచేవాళ్లందరూ రోజూ తరగతికి వెళ్లేవాళ్లు కారు. స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు ముగించుకునో, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలో దూరవిద్య కాంటాక్ట్ క్లాసులకు, అంటే ముఖాముఖి తరగతులకు వచ్చేవాళ్లూ ఉంటారు. 1926లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయం 1972లోనే దూరవిద్యకు తలుపు తీసింది. మరో పదేళ్లకు, 1982లో, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసింది. అప్పట్లో పాఠం పోస్టులో వచ్చేది, ఇప్పుడు ఫోనులోనూ వస్తోంది. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో స్పష్టం చేసింది.

వీడియో పాఠాన్ని మనం ఎన్నిసార్లయినా వినొచ్చు. మన సందేహాన్ని మాత్రం అది వినదు. ఆ లోటు తీర్చేది ముఖాముఖి తరగతే. వారమంతా తట్టిన ప్రశ్నలు కాగితం మీద పెట్టుకుని వెళ్లినవాళ్లకే ఆ తరగతి పూర్తిగా దక్కుతుంది.

హాజరు పిలిచేవారు లేని చదువులో మన హాజరు మనమే వేసుకోవాలి. చేరేముందు కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందేమో చూసుకోండి. చేరాక రోజుకో గంట ఎవరికీ ఇవ్వకుండా మీకోసం దాచుకోండి.